మరే పనికీ తగని రుబ్బురోలు

ఆ రోజుల్లో ఏ వస్తువును చూసినా నాకు దాని పేరుకంటే ముందు నంబరు గుర్తొచ్చేది. ఇది జబ్బు కాదు, ఉద్యోగం. (జబ్బేనని మా ఫ్లాట్‌లో మిగిలిన ముగ్గురూ ఏకగ్రీవంగా తీర్మానించారు.) సరుకు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి రావాలంటే కస్టమ్స్ వారి టారిఫ్ పుస్తకంలో దానికొక నంబరు ఉండాలి. ఆ నంబరును బట్టే సుంకం, షరతులు, అనుమతులు. గొడుగు 6601. దువ్వెన 9615. పళ్లు తోముకునే బ్రష్షూ ఇల్లు ఊడ్చే చీపురూ రెండూ 9603 కిందికే వస్తాయని తెలిసిన తర్వాత రెండు రోజుల పాటు ఉదయం పూట నాకు కొంచెం ఇబ్బందిగా ఉండింది. మౌంట్ రాస్కిల్ అనే పేటలో మేం నలుగురం అద్దెకుండే ఆ ఇంట్లో, వంట వంతు వచ్చినప్పుడల్లా తలనొప్పి తెచ్చుకునే హైదరాబాదీ ఒకడుండేవాడు. "అన్నా, అన్నిటికీ నంబర్లు జెప్తవ్ గదా, నాకేం నంబరు?" అని అడిగాడు ఒకసారి. మొదటి అధ్యాయం, సజీవ జంతువులు, అందులో చివరి వరస, "ఇతరములు" అని చెప్పాను. వాడు నాతో ఒక పూట మాట్లాడలేదు. ఆ పూట వంట వంతు కూడా వాడిదే.

ఈ విద్య నాకెవరూ నేర్పలేదు. మా వరంగల్‌లో బీకాం రెండో ఏడాదిలో ఆపేసినవాణ్ణి. ఇక్కడికొచ్చి ఏదో డిప్లొమా పేరు చెప్పి చదివి, విమానాశ్రయం దగ్గర ఒక చిన్న కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో ఫైళ్లు సర్దే పని సంపాదించాను. పోనూ రానూ రెండేసి బస్సులు. మొత్తం గంటా యాభై నిమిషాలు. ఆ సమయంలో టారిఫ్ పుస్తకం చదివేవాణ్ణి. తొంభై ఏడు అధ్యాయాలు. రోజుకు ఒకటిన్నర చొప్పున వేసుకుంటే అరవై ఐదు రోజులు. (వస్త్రాల అధ్యాయాలు పద్నాలుగూ నా లెక్కను బాగా చెడగొట్టాయి.) బస్సులో పక్కన కూర్చున్న ముసలావిడ ఒకసారి అది ఏ మత గ్రంథమని మర్యాదగా అడిగింది.

మా ఆఫీసు యజమానురాలు ఈ దేశంలోనే పుట్టిపెరిగిన అరవై ఏళ్ల కివీ ఆవిడ. ఇక్కడ ఎవరూ ఎవరినీ మేడమ్ అనరు, అందరూ అందరినీ పేరు పెట్టి పిలుస్తారు. నేనూ పైకి అలాగే పిలిచేవాణ్ణి గానీ, మనసులో ఆవిడకు ఫుల్‌స్టాప్ మేడమ్ అని పేరు పెట్టుకున్నాను. ఆవిడ వాక్యాల్లో కామాలుండవు. నన్ను తొంభై రోజుల ట్రయల్ మీద తీసుకున్నారు. తొంభయ్యో రోజు దాటితే ఉద్యోగం ఖాయం, దాటకపోతే వీసా కూడా దాటదు. అరవై తొమ్మిదో రోజు పొద్దున ఆవిడ నా బల్ల దగ్గరికొచ్చి ఒక ఫైలు పెట్టింది. "ఇది నీది. మొదటి నుంచి చివరి దాకా. శుభ్రంగా వస్తే ఉంటావు." అంతే. శుభ్రంగా రాకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంకో వాక్యం ఖర్చు పెట్టలేదు.

ఆ ఫైలు గ్రైండర్ అంకుల్‌ది. మా పక్క పేట శాండ్రింగ్‌హామ్‌లో ఆయనకు పప్పులూ పచ్చళ్లూ అమ్మే కొట్టు ఉంది. పాలకొల్లు వైపు వారు. కొట్టుతో తృప్తి పడక, సామర్లకోటలో వాళ్ల బావమరిది తయారుచేసే పెద్ద పెద్ద పిండి రుబ్బే యంత్రాలకు ఈ దేశంలో ఏజెన్సీ తీసుకున్నారు. భూకంపం తర్వాత క్రైస్ట్‌చర్చ్ ఊరంతా మళ్లీ కట్టుకుంటున్న కాలం అది. పనివాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు, వాళ్లతో పాటు తిండి అలవాట్లూ వచ్చాయి. దోసెల పిండి పొట్లాలు కట్టి అమ్మాలనుకునే కంపెనీ ఒకటి అక్కడ తయారైంది. శుక్రవారం నాడు ఆ ఊళ్లో ఆహార యంత్రాల ప్రదర్శన. ఆ కంపెనీ వాళ్లు అక్కడికి వస్తారు. అసలు యంత్రం ఒక గదంత ఉంటుంది కాబట్టి దాన్ని తేలేరు. అందుకని బావమరిది దానికి ఎనిమిదో వంతు సైజులో ఒక నమూనా చేయించి, చెక్కపెట్టెలో పెట్టి పంపాడు. ఆ పెట్టెను కస్టమ్స్ దాటించి శుక్రవారం పొద్దుటికి క్రైస్ట్‌చర్చ్ చేర్చడం నా పని.

టారిఫ్ పుస్తకంలో 9023 అనే శీర్షిక నాకు అప్పటికే ప్రాణం. చదువు కోసమో ప్రదర్శన కోసమో చేసిన నమూనాలు అందులోకి వస్తాయి. ఒక్కటే షరతు. అవి "మరే ఇతర వినియోగానికీ తగనివి" అయి ఉండాలి. అంటే కోసి లోపల చూపించే ఇంజిను, తిరుగుతుంది గానీ నీళ్లు తోడని పంపు, అలాంటివి. నమూనా పొరపాటున పనికొచ్చిందంటే అది నమూనా కాదు, చిన్న యంత్రం. దాని నంబరు వేరు. ప్రపంచంలో తన పనికిరానితనాన్ని రుజువు చేసుకుంటే గానీ లోపలికి రానివ్వని చోటు ఇదొక్కటేనేమోనని అప్పట్లో అనుకునేవాణ్ణి. (తర్వాత కొన్ని కమిటీల్లో సభ్యుడిగా ఉన్నాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను.)

అంకుల్‌ని ఆఫీసుకు పిలిచి కూర్చోబెట్టి, అడగాల్సిన ప్రశ్న అడిగాను. "అంకుల్, మీ మోడల్ పని జేస్తదా?"

ఆయన కుర్చీలో కొంచెం వెనక్కి జరిగారు. "పనిచెయ్యకపోవడమేంటి బాబూ. మా బావమరిది చేతిలో పడ్డాక పనిచెయ్యని వస్తువంటూ ఉండదండి."

"అట్ల గాదు అంకుల్. అది పని జెయ్యకపోతెనే మనకు మంచిది."

"ఏంటీ?"

"పనికిరాదని మీరు ఒక లెటర్ రాసియ్యాలె."

ఆయన కుర్చీ మళ్లీ ముందుకు జరుపుకున్నారు. "అబ్బాయ్, మీ వైపు రుబ్బురోలు చూళ్లేదా ఎప్పుడూ? ఇరవై రెండేళ్ల నుంచి మావోళ్లు మిషన్లు చేస్తన్నారు. నా చేత్తో నేను మా మిషన్ పనికిరాదని రాసి, సంతకం పెట్టి, నీ చేతిలో పెడితే, రేపు మా ఆవిడ నాకు అన్నం పెడతదా? వాళ్ల తమ్ముడు చేసిందది."

పోనీ బొమ్మ అని రాసుకో, దానికి మనసొప్పుతుంది అన్నారు. బొమ్మలంటే 9503, పిల్లల ఆటవస్తువులు, అది వేరే లోకం అన్నాను. ముప్పావు గంట బేరం జరిగింది. చివరికి గొడవంతా ఒక్క మాట దగ్గరుందని నాకు తట్టింది. "సరే అంకుల్, పనికిరాదు అనొద్దు. వేరే పనికి తగదు అని రాద్దాం." ఆయన ఆ మాటను నోట్లో వేసుకుని రుచి చూసినట్టు రెండుసార్లు అనుకున్నారు. "తగదు. ఆయ్, ఇది పర్లేదు. పనికిరాదంటే తిట్టు. తగదంటే మర్యాద." ఉత్తరం ఇంగ్లిష్‌లో రాయాల్సింది కాబట్టి రెండిటికీ అక్కడ మాట ఒకటే. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ సంతకం తెలుగులో జరిగింది.

నేను జాగ్రత్తపరుణ్ణి. ఆ సంతకంతో ఆగలేదు. సామర్లకోటకు ఫోను చేయించి బావమరిదినే అడిగాను. చాలా నెమ్మదస్తుడు. రెండు రాళ్లూ మారీ బిస్కెట్టంత ఉంటాయని, వాటి మధ్య మూడు మిల్లీమీటర్ల సందు వదిలామని, మోటారు తిప్పితే తిరుగుతాయి గానీ ఒకదానికొకటి తగలవని, అది చూపించడానికే గానీ రుబ్బడానికి కాదని చెప్పాడు. మూడు మిల్లీమీటర్లు అని రాసుకుని కింద రెండు గీతలు గీశాను. సరుకు వివరాలతో కస్టమ్స్‌కు దాఖలు చేసే పత్రంలో, అంటే ఎంట్రీలో, 9023 వేశాను. ఇంకో కాగితంలో "కొత్తది, ఎన్నడూ వాడనిది, శుభ్రమైనది" అనే మూడు గళ్లలోనూ టిక్కు పెట్టాను. పెన్నుతోనే. అంత చక్కటి ఎంట్రీ ఆ ఆఫీసులో ఎవరూ వేసి ఉండరని నాకు నమ్మకం.

పెట్టె సోమవారం దిగింది. మంగళవారం తనిఖీకి పెట్టారు. భయపడలేదు. కాగితాలు సరిగా ఉన్నవాడికి తనిఖీ అంటే సన్మానం లాంటిదని అప్పటి నా సిద్ధాంతం. తనిఖీ షెడ్డులో కస్టమ్స్ తరఫున ఒక ఆఫీసరమ్మ ఉంది. చేతిలో సన్నటి టార్చి, జేబులో ఇంకో టార్చి. ఆవిడ పక్కన పంటలకూ అడవులకూ హాని చేసే పురుగులూ విత్తనాలూ దేశంలోకి రాకుండా చూసే జీవరక్షణ శాఖ అబ్బాయి ఉన్నాడు, చేతులకు నీలం తొడుగులు. నేను, అంకుల్ ఇవతల. అంకుల్ ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు, పెళ్లిచూపులకు వచ్చినట్టు.

మూత తీశారు. నమూనా నిజంగా ముద్దుగా ఉంది. మెరిసే స్టీలు డ్రమ్ము, చిన్న చిన్న గొట్టాలు, పక్కన అగ్గిపెట్టెంత స్విచ్చు. డ్రమ్ము నడి నుదుట పసుపు, దాని మీద మూడు కుంకుమ బొట్లు. మోటారుకు ఎండిపోయిన బంతిపూల దండ. కింద నాలుగు చక్రాలు, వాటి కింద నాలుగు నిమ్మకాయలు, పచ్చడైపోయి మళ్లీ ఎండినవి. ఒక మూల అరిటాకు ముక్క.

జీవరక్షణ అబ్బాయి ఊపిరి గట్టిగా పీల్చి, పట్టకారు తీసి, నిమ్మకాయల్ని ఒక్కొక్కటే సంచిలో వేయడం మొదలుపెట్టాడు. మనిషి ఎక్కడా మర్యాద తప్పలేదు. కానీ నాలుగో నిమ్మకాయకు వచ్చేసరికి అతని ముఖంలో ఆ ఏడాది మొత్తానికి సరిపడా పని దొరికిందన్న తృప్తి కనిపించింది. ఈలోగా ఆఫీసరమ్మ టార్చి డ్రమ్ములోకి వేసింది. ఆగింది. రెండో టార్చి కూడా తీసింది.

"ఇదేమిటి?" అని అడిగింది. రాయి అంచున, డ్రమ్ము లోపలి గోడకు, తెల్లగా గట్టిపడిన పొర.

నేను నోరు తెరిచేలోపు అంకుల్ ముందుకొచ్చారు. ఆయన ఇంగ్లిష్ ఎప్పుడూ ధారాళంగానే ఉంటుంది, ఆ రోజు ఉత్సాహం కూడా తోడైంది. యంత్రం బయటికి పంపే ముందు మావాళ్లు పూజ చేస్తారండి, పూజ రోజున యంత్రాన్ని ఖాళీగా తిప్పకూడదండి, అశుభం, అందుకని స్క్రూ కాస్త బిగించి గుప్పెడు మినపప్పు వేసి రుబ్బి ఉంటారండి అని వివరించారు. నేను ఆయన బూటు మీద నా బూటు పెట్టాను. "కాలు తియ్యి బాబూ, కొత్త బూటు," అన్నారు తెలుగులో, ఆవిడ వైపు నవ్వుతూనే.

"అయితే ఇది రుబ్బుతుంది," అంది ఆఫీసరమ్మ.

నా మూడు మిల్లీమీటర్లు ఆ ఒక్క వాక్యంలో పోయాయి. కొత్తది అన్న గడి మిగిలింది. ఎన్నడూ వాడనిది అన్న గడి పోయింది. శుభ్రమైనది అన్న గడి పట్టకారుతో సంచిలోకి పోతోంది. ఆవిడ కోపగించుకోలేదు, నిజానికి చాలా సరళంగా మాట్లాడింది. పెట్టెను ఆ సాయంత్రమే శుద్ధి చేయిస్తారు, దానికి అభ్యంతరం లేదు. నంబరు సంగతి మాత్రం రేపు పొద్దున పదింటికి తేలాలి. ఇది మరే పనికీ తగనిదని నువ్వంటున్నావు కాబట్టి ఎందుకు తగదో చూపించు, లేదంటే ఎంట్రీ మార్చు అంది. మార్చడమంటే నా మొదటి ఫైలు తప్పని ఒప్పుకోవడం. డెబ్భై నాలుగో రోజున.

బయటికొచ్చాక బావమరిదికి ఫోను చేశాం. అతను అదే నెమ్మదితో, "మూడు మిల్లీమీటర్లే వదిలామండి. పూజ రోజున పంతులుగారు ఊరికే తిప్పకూడదన్నారండి, అప్పుడు ఒక్క చుట్టు బిగించామండి. తర్వాత వదులు చేయడం మర్చిపోయుంటారు కుర్రోళ్లు," అన్నాడు. స్క్రూ మళ్లీ వదులు చేసేస్తే సరిపోతుంది కదా అన్నారు అంకుల్. ఒక చుట్టుతో మారిపోయేదాన్ని తగనిదని ఎలా అనగలం అన్నాను నేను. ఆ మాట నా నోటి నుంచే వచ్చిందని నాకు బస్సెక్కాక గానీ అర్థం కాలేదు.

అయితే నా దగ్గర ఇంకో ఆయుధం ఉంది. లెక్క. రుబ్బడం వేరు, వినియోగానికి తగడం వేరు. చెంచాతోనూ నుయ్యి తవ్వొచ్చు, అంతమాత్రాన చెంచా పలుగు అయిపోదు కదా. ఈ యంత్రం ఎంత రుబ్బుతుంది, ఎంతసేపట్లో రుబ్బుతుంది, అది కొలిచి చూపిస్తే చాలు. మర్నాడు పొద్దున అంకుల్ ఆంటీని కూడా తీసుకొచ్చారు. ఆవిడ సన్నగా, పొట్టిగా, స్వెట్టరు మీద చీర కొంగు చుట్టుకుని, చేతిలో స్టీలు టిఫిన్ డబ్బాతో దిగారు. డబ్బాలో రాత్రి నానబెట్టిన మినపప్పు, నా కోరిక మీద కొట్టులోనే తూచి నానబెట్టింది, సరిగ్గా యాభై గ్రాములు. నా దగ్గర వంటింటి త్రాసు, స్టాప్‌వాచీ, అమ్మకానికి పెట్టిన పాత సామాన్లలో కొన్న థర్మామీటరు.

శుద్ధి చేసి వచ్చిన యంత్రం ఇప్పుడు బొట్టు లేకుండా చిన్నబోయి ఉంది. ఆఫీసరమ్మ అనుమతిచ్చింది. ఆంటీ పప్పు వేశారు, నేను స్విచ్చు వేశాను. దోమ పాటలాంటి చిన్న చప్పుడుతో రాళ్లు తిరగడం మొదలుపెట్టాయి. అయిదు నిమిషాలకోసారి నేను మోటారు వేడి చూసి రాసుకుంటున్నాను. ఆంటీ రెండు చుక్కల నీళ్లు చిలకరిస్తున్నారు. ఆఫీసరమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. ఇరవయ్యో నిమిషంలో కుర్చీ తెచ్చుకుంది. ముప్పై ఎనిమిదో నిమిషంలో ఆంటీ వేలితో పిండి తీసి, బొటనవేలితో నలిపి చూసి, "అయిందండి," అన్నారు.

అక్కడే పెట్టె మీద కాగితం పెట్టుకుని లెక్క వేశాను. నలుగురున్న ఇంటికి ఒకసారి దోసెల పిండి కావాలంటే బియ్యం, పప్పు కలిపి కిలో. యాభై గ్రాముల చొప్పున ఇరవై వాయిలు. వాయికి ముప్పై ఎనిమిది నిమిషాలు, ఏడు వందల అరవై. వాయి వాయికీ మధ్య మోటారు చల్లారడానికి పది నిమిషాలు, పంతొమ్మిదిసార్లు, నూట తొంభై. మొత్తం తొమ్మిది వందల యాభై నిమిషాలు, అంటే పదిహేను గంటల యాభై నిమిషాలు. అంతసేపూ ఒక మనిషి పక్కన నిలబడి నీళ్లు చిలకరించాలి. కాబట్టి ఇది వినియోగానికి తగదు. ఆ కాగితాన్ని ఆఫీసరమ్మకు అందించాను. అంకుల్ ఆ అంకెలు చూడలేక, వ్యాను దగ్గరికి తెస్తానని చెప్పి బయటికి వెళ్లిపోయారు. (ఆయన మొహం చూసి నాకు జాలి కలిగింది. ఇంకో పదహారు రోజుల్లో నా మీద నాకే కలగబోయే జాలి ముందు అదెంత అని సర్దిచెప్పుకున్నాను.)

ఆవిడ కాగితమంతా చదివింది. కూడికలు కూడా సరిచూసింది. "లెక్క బాగుంది," అంది. సగం గెలిచాననుకున్నాను. అప్పుడావిడ తలెత్తి, డబ్బా మూత పెడుతున్న ఆంటీ వైపు తిరిగి, "మీరు చెప్పండి, మీ వంటింట్లో ఇది దేనికైనా పనికొస్తుందా?" అని అడిగింది.

ఆంటీకి ఇంగ్లిష్ అర్థమవుతుంది గానీ నోట్లోంచి రాదు. ఆవిడ నా వైపు తిరిగి, మనస్ఫూర్తిగా, ఉన్నదున్నట్టు చెప్పారు. "దోసెలకి దీంతో ఎవరు రుబ్బుతారు బాబూ, పన్లేకపోతే గానీ. పచ్చడికయితే బెమ్మాండంగా సరిపోద్దండి. పిల్లలు ఇద్దరూ పచ్చడి ముట్టుకోరు. మా ఇద్దరికీ ఇంత గోంగూరో కొబ్బరో చేసుకోవాలంటే, మిక్సీలో ఆ కాస్త వేస్తే బ్లేడుకే అందదు, గోడలకి కొట్టేస్తది. ఇలాంటిది దొరకదేంటా అని ఎన్నాళ్లనించో చూస్తన్నాను. రాతి మీద నలిగిన పచ్చడి రుచే వేరు. మా తమ్ముడు తెలివైనోడు, నేనెప్పుడూ అంటానే ఉంటా. ఆవిడికి చెప్పు."

"ఏమంటున్నారు?" అంది ఆఫీసరమ్మ.

ఆ క్షణాన ఆ షెడ్డులో రెండు భాషలూ మాట్లాడగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. అంకుల్ వ్యాను చప్పుడు ఇంకా వినపడలేదు. దోసెలకు పనికిరాదంటున్నారు అని మొదటి వాక్యం వరకే చెప్పి ఆగిపోవచ్చు. అందులో అబద్ధం ఒక్క అక్షరం ఉండదు. నా ఎంట్రీ నిలుస్తుంది, నా ఉద్యోగం నిలుస్తుంది, అంకుల్ పెట్టె విమానం ఎక్కుతుంది, ఎవరికీ ఏ నష్టమూ లేదు. స్టాప్‌వాచీ ఆపడం మర్చిపోయాను, అది నా అరచేతిలో నడుస్తూనే ఉంది. ఆంటీ నా మొహంలోకి చూస్తున్నారు, తన తమ్ముడి గొప్ప నేను ఎంత బాగా చెబుతానో వినడానికి. ఆవిడకు ఇంగ్లిష్ అర్థమవుతుందని చెప్పాను కదా. కానీ ఆ క్షణంలో నన్ను పట్టుకున్నది దొరికిపోతానన్న భయం కాదు. దోసెలు మాత్రమే లెక్కలోకి తీసుకున్నానే, పచ్చడి సంగతి నాకెందుకు తట్టలేదన్న సిగ్గు. ఇద్దరికి సరిపడా పచ్చడి, యాభై గ్రాములు, ఒక్క వాయి, ముప్పై ఎనిమిది నిమిషాలు. పంతొమ్మిది విరామాలు అక్కర్లేదు. లెక్క సరిగానే వేశాను. అడగాల్సిన ప్రశ్న వేసుకోలేదు.

మొత్తం చెప్పాను. బ్లేడుకు అందకపోవడం, గోడలకు కొట్టేయడం, తమ్ముడి తెలివి, అన్నీ. ఆఫీసరమ్మ తల ఊపింది. "నా బ్లెండర్‌తో కూడా ఇదే గొడవ," అంది. తర్వాత, "అయితే నీకేం చెయ్యాలో తెలుసు," అంది. తెలుసు. అక్కడే లాప్‌టాప్ తెరిచి నా మొదటి ఎంట్రీని నా చేత్తోనే రద్దు చేసి, విద్యుత్తుతో నడిచే వంటింటి రుబ్బు యంత్రాల నంబరు కింద కొత్తది వేశాను. ఆంటీ నా భుజం మీదుగా చూస్తూ, "పని అయిపోయినట్టేనా బాబూ? నే చెప్పింది పనికొచ్చిందా?" అని అడిగారు. పనికొచ్చింది ఆంటీ అన్నాను.

ఇంతలో అంకుల్ వచ్చారు. ఏమైందని అడిగారు. మీ నమూనా ఇప్పుడు నమూనా కాదు, యంత్రం, కాస్త సుంకం పడుతుంది అని చెప్పాను. ఆయన కొత్త నంబరును ఒకసారి చూశారు. తర్వాత ఆఫీసరమ్మ దగ్గరికెళ్లి, ఆవిడ చేయి రెండు చేతులతో పట్టుకుని ఊపారు. నా వైపు తిరిగి, "చూశావా అబ్బాయ్, గవర్నమెంటోళ్లే ఒప్పుకున్నారు. నువ్వేమో తగదు తగదని నా చేత సంతకం పెట్టించావు," అన్నారు. పెట్టె గురువారం విమానం ఎక్కింది. శుక్రవారం క్రైస్ట్‌చర్చ్‌లో ఆయన తన స్టాలులో నమూనా పక్కన సవరించిన ఎంట్రీ కాగితాన్ని చట్రం కట్టి పెట్టారట, ఈ దేశపు కస్టమ్స్ వారు పరీక్షించి నిజమైన యంత్రమని నిర్ధారించినది అని కింద రాసి. అలా రాయకూడదని నేను ఫోన్లో చెప్పేసరికే ఆ పిండి కంపెనీ వాళ్లు దాన్ని ఫోటో తీసుకుని వెళ్లారు. (తర్వాత వాళ్లు పెద్ద యంత్రం తీసుకున్నారు. చిన్నది ఏమైనా అమ్ముతారా అని ప్రదర్శన చూడ్డానికొచ్చిన పదకొండు మంది ఆడవాళ్లు అడిగారట. పదకొండు అన్నది ఆంటీ లెక్క. నేను సరిచూడలేదు.)

బుధవారం మధ్యాహ్నమే ఆఫీసుకు వెళ్లి ఫుల్‌స్టాప్ మేడమ్ ముందు రెండు ఎంట్రీలూ పక్కపక్కన పెట్టాను. నిలబడే ఉన్నాను. ఆవిడ మొదటిది చూసింది, రెండోది చూసింది, పదిహేను గంటల యాభై నిమిషాల కాగితం కూడా చూసింది.

"మొదటిది తప్పు."

"అవును."

"ఎవరు పట్టుకున్నారు?"

"ఒక ఆంటీ," అన్నాను. అంతకన్నా సరైన జవాబు నాకు తోచలేదు.

"దిద్దింది?"

"నేనే."

ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "తప్పు ఎంట్రీ వేసేవాళ్లు నాకు ఎక్కడైనా దొరుకుతారు," అంది. తర్వాత, నేను అక్కడ పనిచేసిన ఆరేళ్లలో ఆవిడ నోట మొదటిసారీ చివరిసారీ ఒక కామా విన్నాను. "రేపు మామూలుగా రా, వచ్చేటప్పుడు పచ్చడి తీసుకురా."

ఇప్పుడు నాకు సొంత లైసెన్సు ఉంది, నా కింద పిల్లలు పనిచేస్తున్నారు. వస్తువు వివరాలు ఇస్తే కంప్యూటరే మూడు నంబర్లు సూచిస్తుంది. వాటిలో ఒకటి ఎంచుకోవడానికి నేను ఆ పిల్లలకంటే ఎక్కువసేపు తీసుకుంటాను. దీన్ని వాడేది ఎవరు, వాళ్లింట్లో ఎంతమంది, ఏం తింటారు అని అడుగుతుంటే వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఏ నంబరు రాసినా ముందు పెన్సిల్‌తో రాస్తాను, పక్కన చిన్న ప్రశ్నార్థకం పెడతాను, రెండు రోజులయ్యాక గానీ దాన్ని తుడవను. మూడు గళ్లలోనూ పెన్నుతో టిక్కులు పెట్టి, ఇంత చక్కటి ఎంట్రీ ఎవరూ వేసి ఉండరని చేతులు దులుపుకున్న ఆ ఇరవై ఏడేళ్ల కుర్రవాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. వాడి తప్పులన్నీ నేను లెక్క చెప్పగలను. అంత గట్టిగా నొక్కి రాయడం మాత్రం, ఎంత ప్రయత్నించినా, ఇప్పుడు నా చేతికి రావడం లేదు.